చూడకుండా రాసిన బీపీ

మొన్న మంగళవారం మా వీధి ఆశా కార్యకర్త వచ్చి, వరండాలో నా పక్కన కూర్చుని, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, ఆ అంకెను ఫోనులో ఎక్కించుకుని, "మాత్రలు మానొద్దు పెద్దమ్మా, వచ్చే వారం డాక్టరుగారి దగ్గరికి నేనే తోడొస్తా" అని చెప్పి వెళ్లింది. ముప్పై ఏళ్ల పైచిలుకు నర్సుగా ఊళ్లు తిరిగి ఎందరికో కట్టిన పట్టీ నాకే కడుతుంటే నవ్వు రావలసింది పోయి, అంకె సరిగ్గా చూసి రాయమని రెండుసార్లు చెప్పాను. ఎందుకో నాకు తెలుసు. తెలియనిది, ఒకప్పుడు నేను చేసిన తప్పు తర్వాత జరిగిన సంగతే. ఇన్నేళ్లుగా అది నాకు తేలలేదు. రాస్తే ఏమైనా తేలుతుందేమో చూడాలి.

నా మొదటి ఉద్యోగం తోటపల్లి గూడూరు వైపు, సముద్రానికి మూడు మైళ్ల ఇవతల ఉన్న చిన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. నా వంతుకు వచ్చిన ఊళ్లలో కడపటిది చేపలు పట్టుకునేవాళ్ల పల్లెపాలెం. వారానికొకసారి నడిచి వెళ్లి, అక్కడి గర్భిణులను చూసి, రిజిస్టరులో రాసుకుని రావాలి. ఆ పాలెంలోనే ఉంటూ మా ఆసుపత్రి తరఫున ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఒకావిడ ఉండేది. నాకంటే పదిహేనేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. సంతకం తప్ప చదువు లేదు గాని, ఏ ఇంట్లో ఎవరికి నెల తప్పిందో, ఎవరి దగ్గు ఎన్నాళ్లుగా తగ్గడం లేదో ఆవిడకు తెలిసినంతగా మా రిజిస్టర్లకు తెలియదు. ఎండుచేపల వాసన నాకు పడదని, నేను వెళ్లే రోజున తన ఇంటి ముందు ఆరబెట్టినవన్నీ పెరట్లోకి మార్చేదని చాలాకాలానికి గాని నేను గమనించలేదు.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. దారిలో కాలువ పొంగిందని విని ఆ వారం నేను పాలేనికి వెళ్లలేదు. వెళ్లలేదని రాస్తే బహుశా ఏమీ అయ్యేది కాదు. కాని ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని భయంలో, అంతకుముందు వారం అంకెలనే కాస్త అటూ ఇటూ మార్చి రాసేశాను.

నాలుగో రోజున అక్క తన చెల్లెలి కోడలిని, ఎనిమిదో నెల గర్భిణిని, ట్రాక్టరు మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. ఇద్దరూ నిలువునా తడిసిపోయి ఉన్నారు.

"కాళ్లూ మొహం వాచిపోయినాయి సారూ. నిన్నట్నుంచి తలనొప్పంట, కండ్లు మసకలంట" అంది అక్క.

డాక్టరుగారు రిజిస్టరు తెప్పించి, నా రాత మీద వేలు పెట్టి, "మొన్ననేగా నర్సమ్మ చూసింది, బీపీ బాగానే ఉందే?" అన్నారు.

అక్క నావైపు చూసింది. ఆ వారం నేను పాలెంలో అడుగే పెట్టలేదని ఆవిడకు తెలుసు, బల్ల మీద కళ్లు మూసుకుని ఉన్న ఆ అమ్మాయికీ తెలుసు. నేను బీపీ పట్టీ కోసం వెతుకుతున్నట్టు పక్కకు తిరిగాను.

"అది అప్పటి మాట సారూ. ఇప్పుడు చూడండి" అంది అక్క.

చూశారు. బీపీ బాగా ఎక్కిపోయి ఉంది. వెంటనే జీపు తీయించి నెల్లూరు పెద్దాసుపత్రికి పంపించారు. నేనూ వెళ్లాను. దారి పొడుగునా అక్క ఆ అమ్మాయి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. నేను వెళ్లవలసిన రోజున వెళ్లి ఉంటే దక్కేదా? డాక్టరుగారిని అడగాలంటే ముందు నిజం చెప్పాలి, చెప్పలేకపోయాను. 'అది అప్పటి మాట' అని అక్క నన్ను కాచిందో, నా సంగతి తేలుస్తూ కూర్చుంటే అక్కడ ప్రాణం పోతుందని దాటవేసిందో కూడా అర్థం కాలేదు.

తర్వాతి వారం నేను బయలుదేరేసరికి ఆసుపత్రి గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. "పోదాం పదమ్మా" అంది. మూడు మైళ్లు ఎదురొచ్చి, మళ్లీ నాతో మూడు మైళ్లు నడిచింది. ఆ ఒక్క వారమే కాదు, నాకు బదిలీ అయ్యేదాకా అంతే. నేను రాకుండా మానేస్తానని కాపలా కాసిందా, ఒక్కదాన్నే నడవలేనని తోడు వచ్చిందా? దారిలో తన పెళ్లి సంగతులు, తుపానుకు పోయిన పడవ సంగతులు అన్నీ చెప్పేది. నా రాత ఊసు మాత్రం ఎత్తేది కాదు.

బదిలీ రోజున ధైర్యం చేసి, "అక్కా, ఆ వారం నేను..." అని మొదలుపెట్టాను.

"తెలుసులేమ్మా" అంది. "వానని ఆ వారం నేను గూడా ఆ పిల్లను చూడబోలా. పక్కిల్లే" అంది.

అది నిజమో, నా బరువు సగం తను మోయడానికి అన్న మాటో నేను అడగలేదు. నిజమే అయితే, ఆ నడకంతా నా కోసమా, తన కోసమా?

ఉద్యోగం విరమించాక ఒకసారి పాలేనికి వెళ్లాను. కాలువ మీద వంతెన పడింది, తారు రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటలు వచ్చాయి. అక్క పోయి రెండేళ్లయిందని ఆవిడ కోడలు చెప్పి, నేనెవరో తెలియకపోయినా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆటో పది నిమిషాల్లో ఆసుపత్రి దాటించేసింది. దారి మంచిదైనందుకు సంతోషించాను. కాని ఒకప్పుడు ఇద్దరం గంటసేపు పక్కపక్కన నడిచిన దూరం అది. అంతసేపు ఒకరి పక్కన ఒకరు నడిచే పని ఇప్పుడెవరికీ లేదు. మాకు ఉన్నప్పుడు, అడగవలసింది నేను అడగలేదు.