ముడత పడని పక్క

ఆ రోజుల్లో తెల్లకోటు తొడుక్కుంటే చాలు, సగం జబ్బులు నన్ను చూసి పారిపోతాయనుకునేదాన్ని. (మిగతా సగం మా మేడాన్ని చూసి.) తిరుపతిలో నర్సింగు చదివే మమ్మల్ని వార్డుకు తోలగానే మొదట నేర్పింది సూదిమందు కాదు, పక్క వేయడం. దుప్పటి మూలలు పొట్లం కట్టినట్టు మడవాలి, ఒక్క ముడత ఉండకూడదు. ముడతల మీద పడుకుంటే కదల్లేని రోగికి వీపు పుండ్లు పడతాయని పాఠం. నేను ముడతల వరకు శ్రద్ధగా విన్నాను, రోగి సంగతి సరిగా వినలేదు.

మొదటి ప్రాక్టికల్ పరీక్షకు నాకు దొరికిన పేషెంటు ఐరాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ. షుగరు పుండుతో కాలికి కట్టు కట్టారు, పాదం నేల మీద మోపకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. పరీక్ష తప్పితే సెలవుల్లో వారం రోజులు మళ్ళీ అదే వార్డులో పనిచేయాలి. అదే వారం మా బంగారుపాళ్యంలో గంగ జాతర. అందుకని అవ్వను అటూ ఇటూ దొర్లించి, చెమటలు కక్కుతూ పక్క వేసి, "అవ్వా, మేడం వచ్చేదాకా కదలొద్దు. ముడత పడిందంటే నేను ఫెయిలు, జాతరకు పోయేదానికి కాదు" అని బతిమాలాను. (నిజం చెప్పాలంటే బెదిరించాను.) తర్వాత మేడాన్ని పిలుచుకురావడానికి వెళ్ళాను.

మేము వచ్చేసరికి దుప్పటి ఇస్త్రీ చేసినట్టుంది. అవ్వ లేదు.

"పేషెంటు యాడమ్మా?" అన్నారు మేడం.

మంచం కిందనుంచి గొంతు వినిపించింది. "ఈడుండాను మ్మా. నేనుంటే నలిగిపోతాదని దిగేసినా. సూడు, ఒక్క ముడత కూడా ల్యా. పాపకి మంచి మార్కులెయ్యి."

వంగి చూస్తే అవ్వ గచ్చు మీద, తలకింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. కట్టు మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక. ఇద్దరం అవ్వను లేపి పడుకోబెట్టాం. కట్టు విప్పి, పుండు పెద్దగా రేగలేదని చూసుకున్నాక మేడం నావైపు తిరిగారు. "పక్క బాగానే ఏసినావు. ఎవురికోసం ఏసినావు?"

నేను ఏడుపు లంకించుకున్నాను. "తప్పు నాది మ్మా, బిడ్డను ఫెయిలు సెయ్యొద్దు" అని అవ్వ ఎంతో వేడుకుంది. మేడం ఫెయిలే చేశారు.

జాతర వారమంతా వార్డులోనే గడిచింది. సిస్టరు రోజూ కట్టు మారుస్తుంటే పక్కన నిలబడి, గంగమ్మకు మొక్కాల్సిన మొక్కులన్నీ అవ్వ కాలు మానాలని మొక్కాను. జాతర రోజు అవ్వ కూతురు ఇంటినుంచి అంబలి తెచ్చింది. "నా వల్ల జాతర పోగొట్టుకుంటివే, ఈడ కూసోని తాగు పాపా" అంటూ అవ్వ పక్కన చోటు చూపించింది. పేషెంటు మంచం మీద కూర్చోకూడదు. కూర్చున్నాను. అంబలి దుప్పటి మీద ఒలికితే అవ్వ కంగారుగా గుమ్మంవైపు చూసింది.

"మేడాన్ని రానీలే అవ్వా, నువ్వు కాలు సాపుకో" అన్నాను.

కొన్నాళ్ళకు అవ్వ కూతురి భుజం పట్టుకుని నడుచుకుంటూ ఊరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు పరీక్షలు పెట్టేది నేనే. నన్ను చూసి చెమటలు పట్టేది పిల్లలకు. ఆనాటి నాలాంటి పిల్ల ఇప్పుడు నా ఎదుట నిలబడితే నేనూ ఫెయిలే చేస్తాను. కాకపోతే, ముందు దాని కళ్ళు తుడిచి చేస్తాను.