షావుకారు మీద పడని జెండా

శుక్రవారం. పొద్దున్నుంచీ మబ్బు, చినుకు లేదు. కొట్టు తెరిచి, కాటా తుడిచి నూనె పెట్టాను. అంతలో విశాఖ ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మా షావుకారు పోయారు.

ఆయన బెల్లం కొట్టులో నేను గుమాస్తాను. బడికి వెళ్ళి చదివింది లేదు. మార్కెట్లో కొట్ల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. తప్పు చదివితే ఆయన నవ్వేవారు కాదు, "ఇంకోపాలి సూడు" అనేవారు. ఎక్కువ మాట్లాడడం నాకు చేతకాదు. అయినా మన అనకాపల్లి మార్కెట్ వాళ్ళు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. వాటితో పాటు ఒక మనిషి మీద నా కోపం కూడా రాస్తాను. దాచుకోను.

మన వర్తకం తీరు మీకు తెలుసు. బెల్లం దిమ్మ అంచు విరిచి నోట్లో వేసుకుని మాట చెప్పాక బేరం ఖాయం, వెనక్కి వెళ్ళడం ఉండదు. షావుకారు బతుకంతా ఆ నమ్మకం మీదే సాగింది. అలాంటి మనిషి కొట్టుకి, ఎన్నికల ముందు, ఒక పార్టీ నాయకుడు వచ్చాడు. గల్లాపెట్టె పక్కన కూర్చుని బెల్లం ముక్క చప్పరిస్తూ, "అసెంబ్లీ టికెట్టు మీదే షావుకారూ. ఊళ్ళు తిరగడం మొదలెట్టండి" అన్నాడు.

ఆయనకి అది ఖాయమైన బేరం. ఆ సాయంత్రమే ఖద్దరు లాల్చీలు కుట్టడానికి ఇచ్చారు. తుమ్మపాల వైపు చెరకు రైతుల అరుగుల మీద కూర్చుని వాళ్ళ గోడు విన్నారు. దిమ్మలు మోసే కళాసీల పెద్ద ఒక్కడే అనుమానపడ్డాడు.

"బాబూ, ఆడు బెల్లం తిన్నాడు గానీ బేరం సెయ్యనేదు."

"ఓరి, నా కొట్లో కూకుని నోట్లో ఎట్టుకున్నాడ్రా!"

టికెట్టు నాయకుడి బావమరిదికి వెళ్ళింది.

షావుకారు స్వతంత్రంగా నామినేషన్ వేశారు. కుట్టుమిషను గుర్తు వచ్చింది. "లాల్చీలు మీరే కుట్టుకుంతారేటి, షావుకారూ?" అని బజారంతా ఆటపట్టించింది. ఆయనా నవ్వేవారు. నాతో మాత్రం, "గెలవడానికి కాదోయ్. ఆడి బావమరిది ఓడాల" అన్నారు.

ఓడాడు. మాకు పడ్డ ఓట్లే అతన్ని ముంచాయి. పేపర్లో ఆ ముక్క షావుకారు నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. తను కూడా ఓడిన వరస వచ్చేసరికి, "అదొగ్గీ, సదవకు" అన్నారు.

ఆ తర్వాత మా లారీలు ప్రతి చెక్‌పోస్టులోనూ ఆగేవి. ఎవరు ఆపిస్తున్నారో మాకు తెలుసు. నిలిచిన చోట వాన తగిలి బెల్లం కారిపోయేది. ఆయన గుండె జబ్బు అప్పుడే మొదలైంది. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగారు. "ఆడొత్తాడు. మళ్ళీ ఎన్నికలు కదా. నా మీద ఆడి జెండా కప్పనీకు."

వచ్చాడు. శనివారం, శవం వాకిట్లో ఉండగా, మడతపెట్టిన కొత్త జెండా రెండు చేతుల మీదా పెట్టుకుని, ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. కళాసీలు భుజాలు ఆనించుకుని శవం చుట్టూ నిలబడ్డారు. నేను వాళ్ళ ముందు నిలబడ్డాను.

"జరగవయ్యా. మన మనిషికి గౌరవం చెయ్యాలి."

నేను జరగలేదు.

షావుకారు భార్య గుమ్మంలోకి వచ్చారు. "ఏటి బాబూ! బతికున్నప్పుడు కండువా ముక్కకి నోచుకోనేదు ఆయన. ఇప్పుడు దుప్పటంత తెచ్చేరా? అట్టుకెల్లండి. మీ బావమరిదికి కప్పండి."

చావు వాకిలి అని కూడా చూడకుండా ఎవరో కిసుక్కున నవ్వారు. పాడె లేచింది. నాయకుడు గోడవారకి తప్పుకోవలసి వచ్చింది. అప్పుడే గాలి, వెంటనే చినుకులు. జెండా మడత విడిపోయింది. ఒక కొస అతని చేతిలో, రెండో కొస మురుక్కాలవలో. పట్టుకోడానికి ఒక్క చెయ్యీ సాయం రాలేదు.

పాడె వెంట నడిచేవాడు వెనక్కి తిరగకూడదంటారు. నేను తిరిగాను. మలుపు దాకా చూస్తూనే నడిచాను. అతను ఒక్కడే, తెల్ల బట్టల మీద మురికి కారుతుంటే, ఆ జెండాని పిండుకుంటున్నాడు.