గూడు ఖాళీ లేని ఫోను

బొగ్గుగని ల్యాంపు రూములో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ప్రతి టోపీదీపానికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఛార్జింగు చట్రంలో ఒక గూడు. పైకి వచ్చిన మనిషి తన దీపాన్ని తన గూట్లోనే పెట్టాలి. షిఫ్టు ముగిసినా గూడు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. అంత క్రమంలో బతికిన నాకు ఉద్యోగ విరమణ తరువాత దొరికింది, ఏ క్రమానికీ లొంగని ఒక ఫోను.

దానిని చేతి కంప్యూటరు అనేవారు. దానితో వచ్చిన ప్లాస్టిక్ పుల్లతో తెరమీద పొడిస్తే తప్ప పలకదు. ఎవరో ఆఫీసరు కొత్తది కొనుక్కుని పాతదాన్ని మరమ్మతు దుకాణంలో వదిలిపోతే, గోదావరిఖనిలో నేను కొన్నాను. ఇలాంటిది ఇంట్లో ఉన్నవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. బ్యాటరీని పూర్తిగా చావనివ్వకూడదు. చస్తే గడియారం ఏనాటి తేదీకో వెనక్కి పోతుంది. పుల్ల పోతే గుండుసూదితో పొడవకూడదు; తెరమీద పడిన గీత జన్మకు పోదు. ఒక అక్షరం పొడిస్తే పక్క అక్షరం పడుతున్నదంటే తెర గురి తప్పిందన్నమాట. అది చూపించే గుర్తుల మీద ఓపికగా పొడిచి మళ్లీ నేర్పాలి. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఒక్కొక్కటిగా జరిగాయి.

అన్నిటికన్నా ప్రాణం విసిగించినది సందేశాల పెట్టె నిండిపోవడం.

మా అమ్మాయి కొత్తగూడెంలో నర్సు. మా ఊరి దవాఖానకు బదిలీ అడిగింది. ఆర్డరు ఫలానా రోజున వస్తుందనీ, చూడగానే సందేశం పంపుతాననీ, డ్యూటీలో ఫోను బీరువాలో ఉంటుంది కాబట్టి తనకు ఫోను చేయవద్దనీ ముందే చెప్పింది. ఆ రోజు కబురు వినేదాకా ముద్ద ముట్టనని వాళ్లమ్మ పొద్దుటినుంచీ పస్తున్నది. షుగరున్న మనిషి. మధ్యాహ్నం దాటాక తెర పైభాగాన చిన్న కవరు బొమ్మ మిణుకుమిణుకుమనడం మొదలైంది. సందేశం గడప దాకా వచ్చింది, లోపల చోటు లేదు అని దానర్థం.

“అమ్మాయి పాత సందేశాలు చెరిపేస్తున్నాను,” అన్నాను.

“ఒక్కటి ముట్టినా ఊకోను,” అన్నది మా ఆవిడ. “గవి నా బిడ్డ మాటలు.”

“నీకు చదవడమే రాదు కదా!”

“రాకుంటె ఏంది? సదవనీకి మీరున్నరు గద.”

ఆ ఫోనులో తెలుగు కనిపించదు. అమ్మాయి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి పంపేది. తిన్నవా, మోకాలు నొప్పి తగ్గిందా, నాయినతోని కొట్లాడకు. ప్రతి సాయంత్రమూ వీటిని నేను పైకి చదవాలి. నిన్న చదివినవే ఈరోజూ చదవాలి.

ఇంతలో మొదటి షిఫ్టు దిగి నా బావమరిది వచ్చాడు. గనిలో ఫిట్టరు.

“బావా, రెండు దెబ్బలు ఏస్తె గదే పలుకుతది,” అన్నాడు.

“మీ యంత్రాలన్నీ అలాగే పాడయ్యాయి.”

“పాడైతెనే గద బావా, ఫిట్టరుకు డ్యూటీ! అక్కా, నువ్వు ముందుగాల తిను. కండ్లు తిరిగి పడ్డవనుకో, గా పిల్ల నర్సు డ్యూటీ ఇంట్లనే జేయాలె.”

“ఏ సంగతీ తెల్వక ముద్ద ఎట్ల దిగుతదిరా?”

నేను ఆమెకు అర్థమయ్యేలా చెప్పబోయాను. “గూళ్లన్నీ నిండి ఉంటే, పైకి వచ్చిన మనిషి దీపం ఎక్కడ పెడతాడు?”

“మీ దీపాలు గూడ గా పెట్టెలనే ఉంటయి గద. గవి దీయుండ్రి.”

“నావేమిటి?”

“బిడ్డకు మీరు కొట్టి పంపినయి.”

పంపిన సందేశాలు కూడా ఆ చోటులోనే కూర్చుంటాయని నాకు తట్టలేదు. ఆ పెట్టె తెరిచాను. బావమరిది నా భుజం మీదుగా వంగాడు.

“సదువు బావా, మేం గూడ ఇంటం.”

సరే. అందింది. సరే. జాగ్రత్త. సరే.

“అక్కా, ఇన్నేండ్లు గీ మనిషితోని ఎట్ల ఏగినవే? హాజరు పిలిచినట్టున్నది!”

“క్లుప్తత దోషం కాదు,” అన్నాను.

“దోషమని ఎవరన్నరు? తీసెయ్యుండ్రి, జల్ది,” అన్నది మా ఆవిడ.

అన్నీ ఒక్కసారి చెరిపే సదుపాయం ఆ యంత్రంలో లేదు. ఒక్కొక్కదానికీ నిజంగా చెరపమంటారా అని అడుగుతుంది. అడిగినప్పుడల్లా పొడవాలి. గురి తప్పి ఎక్కడ అమ్మాయి సందేశాల మీద పొడుస్తానోనని మా ఆవిడ నా చేతిలోని పుల్లనే చూస్తూ నిలబడింది. ఎన్ని ‘సరే’లు పోయాకనో కవరు బొమ్మ మిణుకుమనడం మానింది. ఫోను గణగణమన్నది.

చదివాను. “అమ్మా, ఆర్డర్ వచ్చింది. మన దవాఖానకే ఏసిన్రు. నువ్వు తినకుంట కూసున్నవని నాకు ఎర్కే. ఇగ తిను.”

“మల్లొకపారి సదువుండ్రి.”

చదివాను. ఆమె వంటింట్లోకి వెళ్లింది. కంచం చప్పుడు వినిపించింది. ఆ వెంటనే గొంతు కూడా: “దానికి ఏమన్న కొట్టుండ్రి. సరే అని మాత్రం కొట్టకుండ్రి!”

పుల్ల అందుకున్నాను. మీ అమ్మ అన్నం తింటున్నది, నువ్వు తొందరగా రా, అని పొడవడం మొదలుపెట్టాను. రెండో మాటకే పక్క అక్షరం పడింది. చెరిపి మళ్లీ పొడిచాను. మళ్లీ పక్కదే పడింది.

“పంపే ముందుగాల నాకు సదివి ఇనిపియ్యుండ్రి,” అన్నది వంటింట్లోంచి, నోట్లో ముద్దతోనే.