ప్రకటన అక్కర్లేని కారు

ఆ రోజుల్లో ఎవరైనా నాతో వద్దన్నారంటే, అది నాకు ఇంకోసారి అడగమన్నట్టుగా వినబడేది. చెవుల్లో లోపమేమీ లేదు, వయసులోనే ఉంది. ఈ గుణం వల్ల పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి, దక్కించుకున్నవి కొన్ని ఉన్నాయి. అమలాపురంలో కొత్తగా వచ్చిన చిన్న కారుకి ప్రకటన వేయించబోయి నేను చేసిన నిర్వాకం ఈ రెంటిలో దేని కిందికి వస్తుందో ఇప్పటికీ తేల్చుకోలేను.

మాది పంతుళ్ళ కుటుంబం. నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరు, అమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరు, అన్నయ్య లెక్కల మాస్టారు, వదిన సైన్సు టీచరు. (భోజనాల దగ్గర మాట్లాడాలంటే చెయ్యెత్తాలేమో అనిపించేది.) నా డిగ్రీ అవగానే బీఎడ్ దరఖాస్తు తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను దాన్ని తీసి బీరువా మీదకి విసిరేసి, ఊళ్ళో కేబుల్ వాళ్ళు నడిపే లోకల్ ఛానల్లో ప్రకటనలు తెచ్చే ఉద్యోగంలో చేరిపోయాను. ఆడపిల్ల కొట్టు కొట్టుకీ తిరగడమేమిటని మా వీధి వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళ కోసమే ఇంకో నాలుగు కొట్లు ఎక్కువ తిరిగాను. నాన్నగారు మాత్రం కోప్పడలేదు. "ఈ నెలాఖరు వరకూ టైముందమ్మా. ఈలోగా చెప్పుకోదగ్గ ప్రకటన ఒక్కటి తెచ్చి చూపించు. లేదంటే బుద్ధిగా ఫారం మీద సంతకం పెట్టు" అన్నారు. సరే అన్నాను. ఇంక తగ్గేది లేదనుకున్నాను.

చెప్పుకోదగ్గ ప్రకటన అంటే నా దృష్టిలో ఒక్కటే. అంతకుముందు మా వైపు కారంటే పెళ్ళిళ్ళకి అద్దెకొచ్చే బండే. అలాంటిది, కాలవ గట్ల మీద సన్నటి రోడ్లలోనూ దూరిపోయే ఈ చిన్న కారు వచ్చి, స్కూటరున్న ప్రతివాళ్ళకీ నిద్ర లేకుండా చేసింది. దాని షోరూం పెట్టినాయన పూర్వాశ్రమంలో కొబ్బరికాయల వ్యాపారి. ఊరంతా ఆయన్ని కాయలగారనే పిలిచేది. అంత పేరున్న కారుకి సెంటర్లో ఒక్క బోర్డు లేదు, పేపర్లో ఒక్క ముక్క లేదు. ఇది నాకు అన్యాయంగా తోచింది.

మొదటిసారి వెళ్తే కాయలగారు కుర్చీ వేసి కొబ్బరినీళ్ళిచ్చి, "మాకొద్దమ్మా" అన్నారు. రెండోసారి "ఎందుకొద్దంటే" అని మొదలుపెట్టారు గానీ నేను పూర్తి చెయ్యనివ్వలేదు. ప్రకటన శక్తి గురించి అరగంట పాఠం చెప్పాను. (ఎంతైనా పంతుళ్ళ రక్తం.) మూడోసారి నన్ను దూరం నించి చూసి లోపలికి వెళ్ళిపోయారు. దాంతో నాకు పంతం వచ్చింది. ప్రకటన నేనే రాసేశాను. "కోనసీమ కోసమే పుట్టిన కారు. రేపే రండి. తాళం మీ చేతిలో పెడతాం." నమూనాగా ఒక్క సాయంత్రం వేసి చూపిస్తానంటే మా ఛానల్ యజమాని సరేనన్నారు. కాయలగారిని అడిగావా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. వార్తల కింద ఆ అక్షరాలు పదిహేనుసార్లు పరిగెత్తాయి.

మర్నాడు తొమ్మిదింటికి షోరూం ముందు ఓ అరవైమంది ఉన్నారు. నా ప్రకటన శక్తికి నాకే ఒళ్ళు పులకరించింది. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కళ్ళూ కొత్తవాళ్ళు కారు. అందరి చేతుల్లోనూ ఎప్పుడో బుక్ చేసిన రసీదులే. ముందు నిలబడ్డ పంచె కట్టు రైతు చాలా మర్యాదగా అడుగుతున్నాడు. "కపిలేశ్వరపురం నించి వచ్చేనండి. పోయిన వేసంగిలో కట్టేను. ఎప్పుడడిగినా బండి రాలేదంటన్నారు. మరి టీవీలో తాళం ఎవరి చేతిలో పెడతన్నారండి?"

"ఆయ్, మాకూ అదే కావాలండి" అన్నారు వెనకాల నిలబడ్డ రాజోలు వాళ్ళు.

కాయలగారు నన్ను పక్కకి పిలిచారు. ముఖం పాలిపోయింది గానీ గొంతు పెంచలేదు. "చూసేవా అమ్మా. నెలకి నాలుగు బళ్ళొస్తాయి. కట్టినవాళ్ళు వందకి పైనే. వీళ్ళకి మొహం చూపించలేక నేనే వెనక గుమ్మంలోంచి వస్తన్నాను. ఇంకా కొత్తవాళ్ళని పిలిచి ఎక్కడ కూచోబెట్టమంటావు? మురమళ్ళలో ఒక బండి ఇచ్చేననుకో, మర్నాటికి ఆ వీధి వీధంతా నా దగ్గరికొస్తాది. నా ప్రకటన అదేనమ్మా."

రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన చెప్పబోయిందీ, నేను చెప్పనివ్వనిదీ ఇదే. సిగ్గేసింది. ఆ సిగ్గులో ఇంటికి వెళ్ళిపోవాల్సింది. వెళ్తే బీఎడ్ ఫారం. వెళ్ళలేదు. షోరూం మెట్టెక్కి నిలబడ్డాను.

"ఆ ప్రకటన వేసింది నేనండీ. కాయలగారికి తెలీదు. తప్పు నాది. అయితే ఒక్క మాట. మీ నంబరెంతో మీలో ఎవరికైనా తెలుసాండీ?"

ఎవరికీ తెలీదు.

"తెలీకపోబట్టే అనుమానం. ఈ వారం బండి ఎవరికిచ్చారు, తరవాత ఎవరి వంతు అన్నది ప్రతి శుక్రవారం ఏడింటికి మా ఛానల్లో వేయిస్తాం. ఇంట్లో కూచుని చూసుకోండి."

"వేయిస్తాం అంటే ఎవరమ్మా?" అన్నారు కాయలగారు నెమ్మదిగా.

"మీరేనండీ."

కపిలేశ్వరపురం రైతు తల ఊపి, "అది పద్ధతిగా ఉందండి" అన్నాడు. జనం సర్దుకున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. "నా నంబరు ఇప్పుడే చెప్పగలరా అండీ?"

ఆ గొంతు నాకు పుట్టినప్పటినించీ తెలుసు. ఇస్త్రీ చొక్కాలో, నాలుగు మడతల రసీదు పట్టుకుని మా నాన్నగారు.

"నువ్వా ఇది వేసింది?" అన్నారు.

"మీరా ఇది కట్టింది? అమ్మకి తెలుసా?"

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఇంటి దగ్గర మాట్లాడుకుందాం" అన్నారు. ఏడు నెలల కిందట ఎవరికీ చెప్పకుండా బుక్ చేశారట. నంబరు అరవై మూడు. ఆ విషయం అమ్మకి నేను చెప్పలేదు, నా ఫారం మాట ఆయన ఎత్తలేదు. ఆఖరి తేదీ అలా గడిచిపోయింది.

ఆ శుక్రవారం నించి కోనసీమలో సగం మంది ఏడింటికి టీవీ ముందు కూచునేవారు. ఆదివారం మేం వెళ్ళే చర్చిలో ప్రార్థన అయ్యాక పాస్టరుగారు కూడా తన వంతెప్పుడని నన్నే అడిగేవారు. నంబర్లు చూసి ఇంకో డెబ్బైమంది వచ్చి బుక్ చేసుకున్నారు. కాయలగారు నాకు కొబ్బరినీళ్ళివ్వడం మానేశారు, ప్రకటన మాత్రం మానలేదు. ఒక గురువారం నాన్నగారు నా పక్కన కూచుని, "నంబర్లు రాసేది నువ్వే కదా. అరవై మూడు ముప్పై ఆరని పొరపాటున పడే అవకాశం ఉందంటావా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

"నిన్ను పరీక్షించేనమ్మా" అన్నారు హుందాగా. (అంత ఆశగా పరీక్షించిన మాస్టారిని నేను మళ్ళీ చూడలేదు.) కారు మరుసటి ఏడు ఆయన వంతుకే వచ్చింది. అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు సీట్లో కూచుంది.

ఇప్పుడు నాకు సొంత ప్రకటనల ఆఫీసుంది, తెల్లవెంట్రుకలున్నాయి. అలా అరవైమంది ముందు మెట్టెక్కి, తప్పు నాదేనని ఒప్పుకుంటూనే ఎదురు ప్రశ్న వెయ్యగలనా అంటే సందేహమే. ముందు న్యాయం ఎవరివైపుందో నాలుగు రకాలుగా ఆలోచిస్తాను. ఈలోగా జనం ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు.