పేరు చెప్పకూడని పసరు

నాకు క్యాన్సర్ అని తెలిసిన వారంలోపే సిద్దిపేటలో సగం మంది డాక్టర్లైపోయారు. మిగతా సగం అప్పటికే అయి ఉన్నారు.

మా వీధి చివర ఒక పెద్దమనిషి ఉంటాడు. నేను గ్రంథాలయంలో ఉద్యోగం చేసే రోజుల్లో ఇంటి వైద్యం పుస్తకం తీసుకుపోయి, నాలుగు కాగితాలు బ్లేడుతో కోసుకుని తిరిగి ఇచ్చాడు. అడిగితే "నీ కాయిదాలు నేనేం జేసుకుంటనమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళకు దానిమ్మ పండ్ల సంచితో నన్ను చూడడానికి వచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, గోధుమ గడ్డి రసం గురించి అరగంట చెప్పాడు. ఉదయం ఎంత తాగాలో, సాయంత్రం ఎంత తాగాలో అన్నీ చదివినట్టే చెప్పాడు. ఆ కాగితాలు ఎవరింట్లో ఉన్నాయో నేను అడగలేదు. రోగిని కదా, మర్యాదగా ఉండాలి.

నేను నాటు మందులకు వ్యతిరేకిని కాదు. చిన్నప్పుడు పచ్చకామెర్లు వస్తే మా అవ్వ నన్ను చిన్నకోడూరు తీసుకుపోయి పసరు తాగించింది. తగ్గింది. చాలామందికి అవి వాటంతటవే తగ్గుతాయని తర్వాత పుస్తకాల్లో చదివాను. మా అవ్వనూ నమ్ముతాను, పుస్తకాలనూ నమ్ముతాను. అందుకే పట్నంలో పెద్ద దవాఖానకు మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ సంగతి నేరుగా డాక్టరునే అడుగుదామనుకున్నాను.

గ్రంథాలయంలో పనికిరాకుండా పోయిన పాత కేటలాగు కార్డులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఒక కార్డు వెనుక ఆరు ప్రశ్నలు రాసుకుపోయాను. రొమ్ములో గడ్డ, ముందు ఆరుసార్లు కీమో, గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్ అని డాక్టరు చెప్పాడు. మొదటి మూడు ప్రశ్నలకు కంప్యూటరు వైపు చూస్తూ జవాబిచ్చాడు. నాలుగోది అడిగాను.

"ఈ మందులతోని పసరు గిట్ల తాగొచ్చా సార్?"

ఆయన కంప్యూటరు వైపే చూస్తూ, "అవన్నీ నమ్మేటట్లయితే ఇంత దూరం ఎందుకొచ్చిన్రమ్మా?" అన్నాడు.

వెనుక నిలబడ్డ ముగ్గురు చిన్న డాక్టర్లు నవ్వారు. అందులో ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమెను సగం క్షమించాను.

ఆయన మంచి డాక్టరు. ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు. మంచి డాక్టరు కాబట్టే తలుపు బయట అంతమంది ఉన్నారు, అంతమంది ఉన్నారు కాబట్టే ఆయన తల ఎత్తలేదు. ఇదంతా నాకు అర్థమైంది. అర్థం కావడం వేరు, మర్చిపోవడం వేరు. కార్డు మడిచి సంచిలో పెట్టుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన అడిగాడు.

"ఇంక రెండు సవాళ్ళు ఉండె గదా?"

"ఉండె."

"అడగకపోయినవ్?"

"నవ్వే జాగల నేను అడగ."

ఆయన కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన కొత్తలో అయితే ఇంకో మాట అనేవాడు.

మూడు కీమోలు అయ్యాయి. జుట్టు పోయింది, నోటి రుచి పోయింది, గడ్డ కొంచెం తగ్గింది. "వరుస తప్పొద్దమ్మా, మధ్యల ఆగితే మళ్ళ పెరుగుడు మొదలుపెడ్తది" అని కీమో ఎక్కించే సిస్టర్ చెప్పింది. ఆ మాట పట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. అప్పుడు వచ్చింది మిరుదొడ్డి నుంచి మా ఆడబిడ్డ.

ఈమె గురించి కొంచెం చెప్పాలి. మా వైపు శుభకార్యానికి ఆడవాళ్ళను పిలవాలంటే ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలుస్తారు. ఇరవై రెండేళ్ళ కింద కూతురి చీరల ఫంక్షనుకు ఈమె సిద్దిపేట వచ్చి, మా పక్కింటావిడకు బొట్టు పెట్టి పిలిచి, నాకు మాత్రం ఊరెళ్ళాక ఫోన్ చేసింది. సొంత వదినను. నేను వెళ్ళలేదు. ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. అడగలేదన్నది రెండో తప్పు. అప్పటి నుంచి ఎదురుపడితే "బాగున్నవా" అంటే "బాగున్న" అనుకునేంతవరకే మా చుట్టరికం.

ఆ రోజు వచ్చి నా గుండు చూసి, గడప దగ్గరే కూర్చుండిపోయింది. చప్పుడు లేకుండా చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది.

"వదినె, చంద్లాపూర్ దిక్కు ఒక తాత ఉన్నడు. పసరు పోస్తడు. మా ఊరామెకు కడుపుల గడ్డ కరిగిపోయింది."

"ఏం గడ్డ?"

"గడ్డనే."

"డాక్టరు ఏమన్నడు మరి?"

"డాక్టరు దగ్గరికి పోతె గద ఆయిన ఏమన్న అనెటందుకు!"

ఆ మాటకే నేను లేచి వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. నాకు భయంగా ఉంది. దానికి తోడు నా కార్డు మీద నాలుగో ప్రశ్నకు ఇంకా జవాబు లేదు. పైసా తీసుకోడట, ఆదివారం పొద్దున పరిగడుపున పోస్తాడట, మూడు వారాలట. తడి తలతో పోవాలట. నా తల మీద తడవడానికి ఏమీ లేదు. అయినా తడుపుకుని, గుడ్డ కట్టుకుని ఆటో ఎక్కాను. నియమం నియమమే.

రంగనాయక సాగర్ కట్ట మీది గాలికి ఆ తడి గుడ్డ కింద నా తల గడ్డకట్టింది. తాత పొలం ఒడ్డున రేకుల కొట్టం ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను ఎదురుగా పీట మీద కూర్చోమన్నాడు. ఏం తింటున్నావు, నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరున్నారు, రాత్రి లేస్తే ఏం గుర్తుకొస్తుంది, అన్నీ అడిగాడు. నేను చెప్పాను. చెప్తూనే ఉన్నాను. గడ్డ వచ్చిన దగ్గర నుంచి అంతసేపు నన్నెవరూ మాట్లాడనివ్వలేదు. చివరికి అడిగాడు.

"దవాఖాన మందులేమన్న నడుస్తున్నయా బిడ్డా? నడుస్తె నేను పొయ్య."

ఆడబిడ్డ నా కాలు తొక్కింది. తొక్కకపోయినా నేను అదే చెప్పేదాన్ని. ఒకసారి కాదనిపించుకున్నాను, రెండోసారి అనిపించుకోవడం నా వల్ల కాదు.

"లేవు తాతా."

ఆయన నా తలగుడ్డ వైపు చూశాడు. ఆడబిడ్డ అందుకుంది.

"ఎములాడ రాజన్నకు మొక్కుండె తాతా. వెంట్రుకలిచ్చొచ్చింది."

ఆ తాత రెండు చేతులెత్తి రాజన్నకు దండం పెట్టాడు. నేను నేల చూశాను. మోదుగాకు దొన్నెలో పసరు పోసి ఇచ్చాడు. తాగాను. చేదంటే కాకరకాయ దాని ముందు బెల్లం. కోడికూర, వంకాయ, గోంగూర ముట్టొద్దన్నాడు. వెనక్కి చూడకుండా పొమ్మన్నాడు. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఒకటుంది. ఆ ఆకు పేరు ఆయన చెప్పడు, తాగినవాళ్ళు అడగకూడదు, తాగిన సంగతి పైవాళ్ళతో అనకూడదు. నోరు దాటితే మందు చచ్చిపోతుంది.

రెండు ఆదివారాలు తాగాను. మూడోది రాకముందే నాలుగో కీమో రోజు వచ్చింది. మా ఆయనకు జ్వరం, తోడు ఆడబిడ్డ వచ్చింది. తెల్లవారకముందే బయలుదేరి పట్నం చేరి, రక్తం ఇచ్చి, మంచం కోసం కూర్చున్నాం. మంచం ఇవ్వలేదు, డాక్టరు గదికి పిలిచారు.

"లివర్ రిపోర్టు బాగలేదమ్మా. ఇవ్వాళ కీమో పెట్టలేం," అన్నాడు డాక్టరు. "వేరే మందులేమన్న తీసుకుంటున్నరా?"

ఇప్పుడు కూడా కంప్యూటరు వైపే. వెనుక ఆ ముగ్గురే.

నాకు తాత కట్టుబాటు గుర్తొచ్చింది. అంతకంటే ముందు ఇంకో మాట గుర్తొచ్చింది.

"అవన్నీ నమ్మేటట్లయితే ఇంత దూరం ఎందుకొస్త సార్?" అన్నాను.

ఆ మాట ఆయనకు అప్పగించినప్పుడు నాకు కలిగిన తృప్తి చెప్పలేను. మూడు నెలలుగా దాచుకున్న మాట. ఆ తృప్తి ఎంతసేపో ఉండలేదు. ఆడబిడ్డ కుర్చీలోంచి లేచింది.

"నీ పంతానికి నువ్వు సస్తవా వదినె?" అని అరిచింది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "సారూ, నేనే తాగిపిచ్చిన. రెండైతారాలు. తప్పు నాది. గాని గీమె ముందుగాల మిమ్ములనే అడిగింది. మీరే నవ్విన్రట."

డాక్టరు తల ఎత్తాడు. "నేను నవ్వలేదమ్మా."

"మీరు నవ్వలే," అన్నాను నేను. అన్యాయంగా మాట్లాడడం నాకు ఇష్టం లేదు. "మీ ఎన్కున్నోళ్ళు నవ్విన్రు. మీరు తల ఎత్తలే."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న అమ్మాయి ఈసారి కిందికి చూసింది.

"ఏం ఆకు?" అన్నాడు డాక్టరు.

"తెల్వదు సార్. అడుగొద్దు," అంది ఆడబిడ్డ.

"అడగండి. ఏందో తెలవకుంటే నేనేం చెయ్యలేను. ఆకు తీసుకరండి. అప్పటిదాక అన్నీ బంద్."

మూడో ఆదివారం మళ్ళీ తాత దగ్గరికి వెళ్ళాం, ఈసారి తాగడానికి కాదు. నేను తలగుడ్డ తీసేసి ఎదురుగా నిలబడ్డాను. అప్పటికి కనుబొమ్మలు కూడా రాలిపోయిన నా ముఖం చూసి ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"రెండు మందులు ఒక్క కడుపుల పొయ్యొద్దని మా తాత చెప్పిండు," అన్నాడు. "గందుకే అందర్ని అడుగుత. నీ తల జూస్తె నాకు అనుమానమొచ్చింది. గాని ఆడిపిల్లను తలగుడ్డ తియ్యమని ఎట్లంట? రాజన్న పేరు మీద అబద్ధమాడుతరా బిడ్డా?"

"ఆడింది ఈమె," అన్నాను.

"నువ్వు మొఖం కిందికేసుకున్నవ్ గద."

ఇది కూడా నిజమే. నేను మర్చిపోలేదు.

ఇక్కడ నాకొక ఫిర్యాదుంది. పట్నంలో డాక్టరు, పొలం ఒడ్డున తాత, ఇద్దరూ నన్ను ఒకే మాట అడిగారు, ఒకే సంగతి వద్దన్నారు. ఇద్దరికీ నా మేలే కావాలి. ఒకరి సంగతి ఒకరికి చెప్పాల్సిన బాధ్యత మాత్రం రోగి మీద పడింది. రోగి సంగతేమో నాకు తెలుసు. ఒకరు నవ్వితే నోరు మూసుకునే రకం, ఒకరు కాదంటారేమోనని అబద్ధమాడే రకం. దవాఖానలో అన్నిటికీ ఒక గది ఉంది. బట్టలు మార్చుకోవడానికి, బరువు చూడడానికి, ఏడవడానికి కూడా మెట్ల కింద కొంచెం చోటుంది. "నేను ఇది తాగాలనుకుంటున్నాను, తాగొచ్చా" అని అడిగి, తిట్టు తినకుండా జవాబు తెచ్చుకునే చోటు మాత్రం లేదు. గోధుమ గడ్డి పెద్దమనిషి ఇంటింటికీ తిరుగుతాడు. జవాబు తెలిసినవాడు తలుపు వెనుక ఉంటాడు.

తాత చాలాసేపు గడ్డి పరకతో నేల గీకాడు. తర్వాత గట్టు మీదికి పోయి ఒక రెమ్మ తెంపి మోదుగాకులో చుట్టి ఇచ్చాడు. "పేరు నా నోటెంట రాదు. ఆకు తీస్కపో. నువ్వు బతుకుడు ముఖ్యం."

ఆ రెమ్మను డాక్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫోటో తీశాడు. ఆయనకు తెలియలేదు. కీమో సిస్టర్ లోపలికి వచ్చి, వాసన చూసి, గుర్తుపట్టింది. ఆమెది చిన్నకోడూరు దగ్గర పల్లె.

"ఏంది సిస్టర్?" అన్నాడు డాక్టరు.

ఆమె బయటికి అనలేదు. పెన్ను తీసి కాగితం మీద రాసి ఆయన ముందుకు జరిపింది. "నోటితోని అనొద్దు సార్," అంది మెల్లగా.

ఆయన చదివాడు. "ఇది దీని వల్లనే అయ్యిందని చెప్పలేను, కాదని కూడ చెప్పలేను. కీమో వల్ల కూడ అయితది. రెండు వారాలు చూద్దాం." ఆగి, "ఇంకేమన్న అడగాల్నా అమ్మా?" అన్నాడు.

సంచిలోంచి కేటలాగు కార్డు తీసి బల్ల మీద పెట్టాను. నాలుగోదానికి మూడు నిమిషాలు జవాబు చెప్పాడు. ఆకులు, బెరళ్ళు ఎందుకు ఆపాలో చెప్పాడు. వికారానికి కొంచెం అల్లం వేసుకోవచ్చన్నాడు. యోగా చేసుకోమన్నాడు. కొత్తగా ఏది నోట్లో పెట్టుకోవాలన్నా ముందు సిస్టర్‌కు ఫోన్ చేయమన్నాడు. అయిదు, ఆరు ప్రశ్నలకు కూడా చెప్పాడు. అవే మూడు నిమిషాలు మొదటి రోజు ఇచ్చి ఉంటే నాకు ఒక కీమో వాయిదా పడేది కాదు. ఆ సంగతి ఆయనకు చెప్పాను. "అవునమ్మా" అన్నాడు. అవునంటాడని అనుకోలేదు. కొట్లాటకు సిద్ధమై వెళ్ళిన దాన్ని కదా, ఏం చేయాలో తోచలేదు.

ఆ రెండు వారాలు రోజూ స్నానం చేసేటప్పుడు గడ్డ తడుముకున్నాను. ఒకరోజు పెద్దదైనట్టుండేది, ఒకరోజు లేదనిపించేది. మా ఆయన బయట నిలబడి "ఎట్లుంది?" అని అడిగేవాడు. "అట్లనే ఉంది" అనేదాన్ని. పదిహేనో రోజు మా ఊర్లోనే రక్తం ఇచ్చాం. సాయంత్రం సిస్టర్ ఫోన్ చేసింది. లివర్ దారికి వచ్చిందట, ఎల్లుండి పొద్దున కీమోకు రమ్మంది.

కీమో రోజున మేం బయలుదేరబోతుంటే మిరుదొడ్డి నుంచి ఆడబిడ్డ దిగింది. చేతిలో కుంకుమ భరిణె. నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఇదెందుకే?" అన్నాను.

"పిలువనీకి వచ్చిన. పా, దవాఖానకు పోదాం."

"అప్పుడు పక్కింటామెకు పెట్టినవ్, నాకు పెట్టలె."

"ఎరుకే. నువ్వు మరవవని గూడ ఎరుకే. ఇగ తల లేపు."

నేను తల ఎత్తాను. వెంట్రుకలు లేని తలకు నుదురు ఎక్కడ అయిపోతుందో తెలియదు కదా. చాలా పైకి, కొంచెం పక్కకు, వంకరగా పెట్టింది. కీమో ఎక్కినంతసేపూ దాన్ని తుడుచుకోలేదు. ఆ వంకర మాత్రం గుర్తు పెట్టుకున్నాను.