కుల్సుం కొలతలు

బెజవాడ భవానీపురంలో మోటార్లకు వైండింగ్ చేసే రహ్మాన్ అందరికీ తెలుసు. ఆయన భార్య కుల్సుం మాత్రం ఆ వీధిలోకన్నా కృష్ణ కరకట్ట వెంబడి ఊళ్ళలోనే ఎక్కువ మందికి తెలుసు. తోట్లవల్లూరు వైపు ఆరోగ్య కార్యకర్తగా చేరిన కొత్తలో, అంటే తొంభై ఆరు ప్రాంతంలో, ఆమె మోపెడ్ మీద తిరిగేది. టీకా మందుల పెట్టె వెనక కట్టుకుని లంక ఊళ్ళకు వెళ్ళాలంటే ఇసుకలో దిగి తోసుకోవాలి, చెరుకు ట్రాక్టర్లు తొక్కిన గుంతల్లో పడి లేవాలి. రెండు వానాకాలాలకే మోపెడ్ చేతులెత్తేసింది. అప్పుడు రహ్మాన్ తన పాత మోటార్‌సైకిల్ ఇచ్చి, ఏటి ఒడ్డున ఖాళీ జాగాలో తనే దగ్గరుండి నేర్పాడు. సల్వార్ కమీజ్ మీద, తలకు దుపట్టా బిగించుకుని ఆడమనిషి గేర్ల బండి నడుపుతుంటే మొదట్లో జనం ఆగి చూశారు. తర్వాత వాళ్ళకూ విసుగు పుట్టి చూడటం మానేశారు.

పదేళ్ళు అలా తిరిగాక, 2007 వేసవిలో ఆమెకు ఒక కోరిక పుట్టింది. ఆమె పనిచేసే ఆస్పత్రిలో పెద్ద నర్సు తెరేసమ్మ రైల్లో మనాలి వెళ్ళొచ్చి ఫొటోలు చూపించింది. మంచుగోడ పక్కన తెరేసమ్మ ఎర్ర కోటు వేసుకుని నిలబడి ఉంది. ఆమె వెనకాల రోడ్డు మీద ఒక మోటార్‌సైకిల్ కనబడింది.

"ఇక్కడిదాకా బండ్లు వెళ్తాయా తెరేసమ్మ గారూ?"

"బోలెడు వెళ్తున్నాయమ్మా. మేము బస్సులో వాంతులు చేసుకుంటా పోతుంటే, వాళ్ళు జుయ్యిమని దాటిపోతున్నారు."

ఆ సాయంత్రం కుల్సుం భర్తతో చెప్పింది. వచ్చే వేసవికి ఇద్దరం వెళ్దాం, మీ బండి మీద మీరు, నా బండి మీద నేను, అంది. నవ్వుతాడనుకుంది. రహ్మాన్ నవ్వలేదు. కళ్ళు మెరిశాయి. మరుసటి వారానికల్లా మోటారు పత్రికలు తెచ్చి మంచం మీద పరిచాడు. అక్కణ్ణుంచే ఆమెకు తలనొప్పి మొదలైంది. కోరిక ఆమెది. దాన్ని ఆయన తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ముందు సామాను సరిగ్గా ఉండాలి. బండి ఎవడైనా తోలుతాడు" అనేవాడు. చెన్నై నుంచి జాకెట్లు తెప్పించాడు. మోచేతులకు, భుజాలకు లోపల గట్టి దిండ్లున్న జాకెట్లు. ఆయనది ఆయనకు పెళ్ళికొడుకు షేర్వానీలా అతికింది. కుల్సుంకు తెప్పించింది మగవాళ్ళ చిన్న సైజు. భుజాలు జారాయి, చేతులు వేళ్ళు దాటి వేలాడాయి, నడుము కింద మాత్రం జిప్ పడలేదు.

"కొంచెం వదులుగానే ఉండాలిలే" అన్నాడు రహ్మాన్.

"పైన వదులు, కింద బిగువు. ఇది జాకెట్టా, గరాటానా?"

"వాళ్ళు ఆడవాళ్ళకి చెయ్యట్లేదు కుల్సుం. నేనేం చెయ్యను?"

ఏలూరు రోడ్డులో హెల్మెట్ కొనడానికి వెళ్ళినప్పుడు ఇంకా ఘోరం. షాపతను రహ్మాన్‌ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "నాకండీ హెల్మెట్" అని కుల్సుం చెబితే, "మేడమ్‌కి వెనక కూర్చోడానికి తేలికది చూపించరా" అని లోపలికి కేకేశాడు. పైన పువ్వులున్న ప్లాస్టిక్ టోపీ లాంటిది వచ్చింది. కాదు, ముఖమంతా మూసేది కావాలి, నేనే నడుపుతాను, అని రెండోసారి చెప్పింది. అతను రహ్మాన్ వైపు తిరిగి, "మీరేమంటారు సార్?" అన్నాడు.

"ఆవిడ తల గురించి నేనేమంటానండీ!" అన్నాడు రహ్మాన్. కుల్సుంకు ఆ మాట ఒక్కటే ఆ రోజు నచ్చింది. కానీ పెద్ద హెల్మెట్లేవీ సరిపడలేదు. జుట్టు ముడి మీద దుపట్టా, దాని మీద హెల్మెట్ కూర్చోదు. ముడి విప్పి జడ వేసుకుని పెడితే లోపల తల గిలక్కాయలా ఆడింది. చిన్నదేమైనా ఉందా అంటే, "బాబు కోసమా?" అన్నాడు షాపతను. ఆమె హెల్మెట్ బల్ల మీద పెట్టేసి బయటికొచ్చి బండి స్టార్ట్ చేసింది. రహ్మాన్ వెనక పరిగెత్తుకొచ్చేసరికి ఆమె రోడ్డు మలుపు తిరిగిపోయింది. చివరికి వేరే చోట కాస్త చిన్నది దొరికితే, లోపల స్పాంజి అంటించుకుని సరిపెట్టుకుంది.

అక్టోబరులో సామానంతా వేసుకుని ఒక పరీక్ష పెడదామన్నాడు రహ్మాన్. చల్లపల్లిలో కుల్సుం అక్క అఫ్సా ఉంటుంది. కరకట్ట మీదుగా అక్కడిదాకా వెళ్ళి రావాలని అనుకున్నారు. ఆమెకు కంటికి అలవాటైన దారే, ఏ గుంత ఎక్కడుందో తెలుసు. కాళ్ళకు మాత్రం ఆయన తెచ్చిన బూట్లు. ఆమెది నాలుగో నంబరు పాదం. నాలుగో నంబరు బూట్లు మార్కెట్‌లో లేవని ఆరు తెచ్చి, ముందు దూది కుక్కమన్నాడు. ఆమె వద్దంది. సేఫ్టీ, అన్నాడు ఆయన. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది.

కరకట్ట మీదున్న శ్రీకాకుళం అనే పల్లె దాటాక వాన పట్టుకుంది. దూది నీళ్ళు పీల్చింది. బూటు లోపల పాదం ఒకవైపు, బూటు ఒకవైపు. చేతి తొడుగులు తడిసి క్లచ్ మీద వేళ్ళు జారుతున్నాయి. వాన కోటు ప్యాంటులో కమీజ్ ఇమడక, ఉండలా చుట్టుకుని కడుపు దగ్గర నొక్కుతోంది. ఒక కాలవ వంతెన ఎక్కే ముందు గేరు తగ్గించబోయింది. బూటు ముక్కు గేరు లివర్ కింద ఇరుక్కుపోయింది. కాలు లాగేలోపే బండి ఆగింది, పక్కకు ఒరిగింది. పదేళ్ళుగా ఈ బండి మీద వర్షంలో, బురదలో, మందుల పెట్టెతో పడని మనిషి, కొత్త సామానంతా ఒంటి మీద ఉండగా వంతెన పక్కన బురదలో పడింది.

దెబ్బ పెద్దదేం కాదు. మోకాలు గీసుకుంది. రహ్మాన్ పరిగెత్తుకొచ్చి బండి లేపాడు, ఆమెను లేపాడు, తడిసిన ముఖం తుడుచుకుంటూ అన్నాడు.

"పోనీ ఒక్క బండి మీదే వెళ్దాం. నువ్వు వెనక కూర్చో. హాయిగా చూసుకుంటూ రావచ్చు."

కుల్సుం అక్కడే కూర్చుని ఒక బూటు విప్పింది, రెండోది విప్పింది. రెండూ హ్యాండిల్‌కు తగిలించి, ఉత్తకాళ్ళతో బండెక్కింది.

"నేను పడింది బండి రాక కాదు. మీరు కొన్నవన్నీ మీకోసం కొన్నారు. నాకు తొడిగారు, అంతే" అంది.

అఫ్సా ఇంట్లో ఇద్దరూ చెరో మూల కూర్చుని అన్నం తిన్నారు. "ఏమైందే?" అని అక్క అడిగితే, "సేఫ్టీ" అంది కుల్సుం.

ఆ తర్వాత ఆమె షాపులకు ఆయనతో వెళ్ళడం మానేసింది. సెలవు రోజుల్లో ఒక్కతే తిరిగింది. దానివల్ల పని తేలికైందనుకుంటే పొరపాటు. వన్ టౌన్‌లో చెప్పులు కుట్టే సంజీవరావు అనే ఆయన దగ్గరకెళ్ళి, మడమ పైదాకా వచ్చే బూట్లు కావాలి, నేనే బండి నడుపుతాను, అని పాదం కాగితం మీద గీయించుకుని వచ్చింది. ఆయన శ్రద్ధగానే కుట్టాడు. తీసుకోవడానికి వెళ్తే, తోలు మంచిది, కుట్టు గట్టిది, కింద మాత్రం రెండంగుళాల ఎత్తు మడమ.

"ఇదేంటండీ?"

"లేడీస్ బూట్లన్నారుగా మేడమ్. హీలు లేకపోతే బాగోదని నేనే పెట్టా. దానికి ఎగస్ట్రా తీసుకోన్లెండి."

కుల్సుంకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మడమ పీకించి అడుగు మళ్ళీ వేయించడానికి నెల పట్టింది. ఆలోపు జాకెట్టును దర్జీకిచ్చింది. అతను చేతులు మణికట్టు దగ్గర కత్తిరించి చక్కగా మడిచి కుట్టాడు. వేసుకుని చూస్తే పొడవు సరిపోయింది కానీ, మోచేతి దిండ్లు ముంజేతి మీదికి దిగి ఉన్నాయి. పడితే దెబ్బ తగిలేచోట ఉత్త గుడ్డ, తగలనిచోట దిండు. ఆస్పత్రిలో దాన్ని విసిరికొట్టి బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంది.

తెరేసమ్మ జాకెట్టు తిరగేసి చూసింది. "ఇంత కొంపలు మునిగిందేముంది? దిండ్లు విప్పి పైన పెట్టి కుట్టుకోవచ్చుగా" అంది.

"ఎన్నని కుట్టుకోనండీ? రహ్మాన్ గారు షాపుకెళ్తారు, వేసుకుంటారు, వచ్చేస్తారు. నాకు తల దగ్గర్నుంచి కాలిదాకా ఏదీ తిన్నగా రాదేం?"

మధ్యాహ్నం రోగులు లేని వేళ ఇద్దరూ కూర్చుని దిండ్లు విప్పి కుట్టారు. పక్కల కుట్లు విప్పి గుడ్డ అతికితే జిప్ కూడా పడింది. అందంగా లేదు. చేతి తొడుగులు మాత్రం ఏం చేసినా కుదరలేదు, వాటిని వదిలేసింది.

2008 మే నెలాఖరులో, కూతురు ఇల్మాని చల్లపల్లిలో అక్క దగ్గర ఉంచి, ఇద్దరూ బయల్దేరారు. రహ్మాన్ బండి చూసి వీధివాళ్ళు గుమిగూడారు. రెండు పక్కలా సంచులు, వెనక పెట్టె, ట్యాంకు మీద ఇంకో సంచి, అందులో సగం పనిముట్లు. కుల్సుం వెనక ఒక గోతాము గుడ్డ సంచి, తాడుతో కట్టింది, అంతే.

ఎండలు మండిపోతున్నాయి. ఆదిలాబాద్ చేరేసరికి షేర్వానీలా అతికిన జాకెట్టులో రహ్మాన్ ఒళ్ళంతా చెమటకాయలు పేలాయి. బరువుకు బండి వెనక భాగం కిందికి దిగిపోయి ప్రతి గుంతకీ చక్రం మడ్‌గార్డుకు తగులుతోంది. నాగపూర్‌లో ఒక లారీ ఆఫీసు ముందు ఆగి, సంచులు విప్పి, సగం సామాను భవానీపురానికి పార్శిల్ కట్టించాడు. అవన్నీ తూకం వేస్తుంటే, అడ్రసు రాస్తుంటే, కుల్సుం నీడలో నిలబడి చూసింది. అనాల్సినవి చాలా ఉన్నాయి. ఆయన వీపంతా ఎర్రగా దద్దుర్లు చూసి, పౌడరు డబ్బా తీసి చేతిలో పెట్టింది.

"చెప్పు, అనేయ్" అన్నాడు రహ్మాన్.

"ముందు రాసుకోండి. తర్వాత అంటాను."

నిజంగానే తర్వాత అంది. ఝాన్సీ దాకా, ఆగిన ప్రతి టీ కొట్టు దగ్గరా అంది. ఆయన ఎదురు చెప్పలేదు. ఢిల్లీ దాటాక మాత్రం, "బాకీ ఏమన్నా ఉందా?" అని అడిగాడు. అప్పుడామె నవ్వింది.

మనాలి దాటి కొండ ఎక్కే దారిలో రోడ్డు పక్కన వరసగా షెడ్లు కనబడ్డాయి. పైన మంచులో తిరగడానికి కోట్లు, బూట్లు అద్దెకిచ్చే షాపులవి. చలికి కుల్సుం వేళ్ళు కొంకర్లు పోయాయి. బండి ఆపి ఒక షెడ్డులోకి వెళ్ళింది. కౌంటర్ దగ్గర ఒక ముసలామె ఊలు అల్లుతోంది. తల ఎత్తి, రహ్మాన్‌ని దాటి, నేరుగా కుల్సుం పాదాలకేసి చూసి, హిందీలో అడిగింది.

"నాలుగో నంబరా?"

కుల్సుం తలూపింది. ముసలామె వెనక్కి తిరిగి ఒక జత బూట్లు, ఆడవాళ్ళ చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. తొడుగులు వేళ్ళకు అచ్చంగా సరిపోయాయి. అక్కడ గోడ నిండా అలాంటివి వందలు వేలాడుతున్నాయి, పాతవి, అతుకులు పడ్డవి, అన్ని సైజులవి. ఏడాదిపాటు బెజవాడంతా తిరిగితే దొరకనివి.

"అమ్ముతారా ఇవి?" అని ఉర్దూలో అడిగింది కుల్సుం.

"అమ్మం. అద్దెకే. సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి."

కుల్సుం బతిమాలింది. రహ్మాన్ బతిమాలాడు. ముసలామె ఊలు అల్లుకుంటూ తల అడ్డంగా ఊపింది. కుల్సుం అద్దె డబ్బులు బల్ల మీద పెట్టి, విసురుగా తొడుగులు బిగించుకుని బయటికొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చలికో, ఉక్రోషానికో.

ఆమె బండి ముందు వెళ్ళింది. మంచు మొదలైనచోట కూడా ఆగకుండా, ఫొటో కోసం కేకేస్తున్న భర్త మాట వినిపించుకోకుండా, చేతులు వెచ్చగా ఉన్నంతసేపూ పైకి పోతూనే ఉంది.