విరిగిన సూది

మెడకు టై కట్టుకుని బడికి వెళ్లడం ఏ దేశపు అవసరమో కానీ, నా చిన్నప్పుడు మదనపల్లెలో మాకు అది తప్పేది కాదు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిస్తే ముందు టై తినేది, తర్వాత నేను. ఇంగ్లీషు మీడియం అంటే మా ఇంట్లోవాళ్లకు ఆ టైయే. దాన్ని చూసే నాకు ఇంగ్లీషు వచ్చని నమ్మారు. నేనూ నమ్మాను.

మా పిన్ని అప్పట్లో మా ఇంట్లోనే ఉండేది. భర్త వదిలేశాక వచ్చింది. తలకు నూనె కావాలన్నా మా అమ్మ మొహం చూడాల్సి వచ్చేది. పుంగనూరులో బట్టల కంపెనీవాళ్లు మిషను కుట్టడంలో శిక్షణ ఇస్తున్నారని తెలిసి చేరింది. మూడు నెలలు నేర్చుకుని పరీక్షలో నెగ్గితే కుప్పం దగ్గర ఉద్యోగం, ఉండడానికి హాస్టలు. ఆమెకు ముఖ్యంగా కావాల్సింది ఆ హాస్టలే.

కుట్టడం ఆమెకు ముందే వచ్చు. రానివి కాగితాలు. నియమాలన్నీ ఇంగ్లీషులో అచ్చువేసి ఇచ్చారు. అడిగితే నేర్పే సారు తెలుగులో విడమరిచి చెప్పేవాడట. పిన్ని అడగలేదు. ఇంట్లో నేనున్నాను కదా.

"ఏం రాసుండాదో సూడు పాపా" అంటూ సాయంత్రం నా పక్కన కూర్చునేది. నేను గడగడా చదివేదాన్ని. చదవడం వచ్చు, అర్థం కావడం వేరే శాఖ. ఆగితే పరువు పోతుందని, తెలియని చోట తోచింది చెప్పేదాన్ని. సూది విరిగితే ఏం చేయాలో ఒక కాగితం నిండా ఉంది. "విరిగింది చెత్తబుట్టలో ఏసేసి కొత్తది పెట్టుకోవాలంట పిన్నీ" అన్నాను. అంత చిన్న పనికి అంత పెద్ద కాగితం ఎందుకని నాకూ అనుమానం వచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు.

పరీక్ష రోజు పిన్ని సూది విరిగింది. తడుముకోకుండా చేతికి దొరికిన ముక్కలు బుట్టలో పడేసి, కొత్త సూది బిగించి, కుట్టు పూర్తి చేసింది. నిజానికి ప్రతి ముక్కా వెతికి, కాగితానికి అంటించి సారుకు అప్పజెప్పాకే కొత్తది తీసుకోవాలట. ఒక్క ముక్క బట్టలో ఉండిపోయినా కొన్నవాళ్ల ఒంట్లో దిగుతుంది. ఏ తప్పునైనా మన్నిస్తారు గానీ ఆ ఒక్కదాన్ని మన్నించరు. అక్కడికక్కడే ఇంటికి పొమ్మన్నారు.

"ఇట్లా చేయమని ఎవరమ్మా చెప్పింది?" అని సారు అడిగితే, "ఎవురూ సెప్పలేదు సార్, నాకే తెలీలేదు" అందట. కూడా వెళ్లిన పక్కింటి అక్క వచ్చి చెప్పింది.

మా నాన్న నిట్టూర్చాడు. "మా పాప దినామూ కూసోబెట్టి సెప్పిందమ్మా. ఎక్కకపోతే ఎవురేం జేస్తారు!" నన్ను మెచ్చుకోవడం ఆయనకు అలవాటు లేదు. ఆ రోజే మొదలుపెట్టాడు. ఆ రాత్రి నేను కంచంలోకి చూస్తూ తిన్నాను. పిన్ని నాకు ఇంకొంచెం పప్పు వేసింది.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో ఎవరైనా కాగితం చేతికిచ్చి చదివిపెట్టమంటే, అర్థం కాని మాట దగ్గర ఆగి, తెలియదని చెప్తాను. వినయం అనుకుంటారు. అనుకోనిస్తాను.

ఆ పరీక్ష మర్నాడు పొద్దున కూడా ఎప్పటిలాగే పిన్నే నాకు జడలు వేసింది. రిబ్బను ముడేస్తూ, నెమ్మదిగా అంది.

"నాకు తెలీదు పిన్నీ అని ఒక్క మాట అనుంటే, నేను సారునే అడిగుంటాను గదా పాపా."